పోగులు కలిపే మేనకోడలు

సిరిసిల్ల,
ఫిబ్రవరి 12, 2024

బిడ్డా వందనా,

మామ కాడి నుంచి ఉత్తరమేందని పరేషాన్ కాకు. అందరం మంచిగనే ఉన్నం. దవాఖాన నుంచి ఇంటికొచ్చినంక నడుస్తున్న. కాలు జర ఈడుస్తున్న గానీ నడుస్తున్న. నోరే మాట వింటలేదు. ఫోన్ల నేనేదో అంటె నువ్వు "ఏంది మామా, మళ్ల చెప్పు" అంటవు. పక్క నుంచి మీ అత్త జమున నేను అననియన్ని అన్నట్టు చెప్తది. మొన్న నేను అడిగింది "పిల్ల తిన్నదా" అని. ఆమె నీకు చెప్పింది "పెండ్లెప్పుడు చేసుకుంటవని అడుగుతుండు" అని. నువ్వు నా మీద గరమైతివి. గందుకే ఈ ఉత్తరం. నోటితోని కాకపోతే చేతితోని మాట్లాడుత. ఎడమచేతి రాత, నవ్వకు.

కుడిచెయ్యి మాత్రం లేస్తలేదు. నా పని నీకెరుకే. చిన్నప్పుడు మా ఇంట్ల ఉండి చదువుకున్నన్ని దినాలు బడి నుంచి రాంగనే కార్ఖాన్ల నా పక్కకు కూసుంటుంటివి. బీముకు చుట్టిన పడుగు అయిపోతె సాంచ మగ్గం ఆపి, పాత పోగు కొసకు కొత్త పోగు కొస మెలిపెట్టి కలుపుడు. బూడిద అద్దిన బొటనవేలు, చూపుడువేలు చేసే వైపని అది. ఎడమచేతికి రాదు. చెయ్యి రాకుంటె నేను కార్ఖానకు పోయి ఏం చెయ్యాలె?

దవాఖానల డాక్టరు నీతోని ఇంగ్లీషుల మాట్లాడిండు, నువ్వు తలకాయ ఊపినవు. నాకు ఎవ్వలూ చెప్పలే. చేతికి దెబ్బ తాకలే, గాయం లేదు, మరెందుకు లేస్తలేదు? నీది మెదడు చదువే కదా. గన్నేండ్ల నుంచి చదువుతున్నవు, నువ్వు చేసే పనేందో నేను ఎన్నడూ అడగలే. ఇప్పుడు అడుగుతున్న. నాకు తెలిసేటట్టు చెప్పు.

ఎడమచేతి మామ,
పరశురాములు

*

బెంగళూరు,
ఫిబ్రవరి 24, 2024

మామా,

నీ ఉత్తరం ఇక్కడ పెద్ద వింతయింది. మా ఇన్‌స్టిట్యూట్‌లో టపా పంచే నంజప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చాడు. చేత్తో అడ్రసు రాసిన కవరు చూసి ఎన్నేళ్లయిందో అన్నాడు. నీ ఎడమచేతి రాత నా కుడిచేతి రాత కన్నా బాగుంది. అత్తకు చెప్పు, పెళ్లి ప్రశ్న ఆమెదేనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఇక నువ్వు అడిగిన సంగతి. నీ చేతికి నిజంగానే ఏమీ కాలేదు. చెయ్యి లేవాలంటే తలలోంచి కబురు రావాలి. ఆ కబురు సన్నటి పోగుల్లాంటి కణాల మీదుగా వస్తుంది. ఒక పోగు కొస ఇంకో పోగును కలిసే చోట కబురు ఇటు నుంచి అటు అందుతుంది. ఆ రోజు రక్తం అందక నీ తలలో కొన్ని పోగులు పాడయ్యాయి. సాంచ బాగానే ఉంది, పడుగు తెగింది.

నా పనంతా ఆ కలయికల దగ్గరే. ఎలుక మెదడులోంచి ఆవగింజ కన్నా చిన్న ముక్క తీసుకుని, కంటికి కనబడనంత పలుచని పొరలుగా కోసి, ఒక్కో పొరను ఫొటో తీసి, ఏ పోగు ఎక్కడ ఏ పోగును కలుస్తుందో పట్టుకుంటూ పోతాం. పీహెచ్‌డీ నుంచి ఇప్పటిదాకా నా ఉద్యోగమంతా ఇదే. అసలు నేను కూడా వైపని మనిషినే మామా. నీ పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ చేస్తున్నానని మావాళ్లతో అంటూ ఉంటాను.

ఇక్కడే సొంత ల్యాబ్ ఇచ్చే ఉద్యోగానికి అర్జీ పెట్టాను. మే నెలలో ఇంటర్వ్యూ. అది కాగానే వస్తాను. నీ ఎదురుగా కూర్చుని అన్నీ చూపిస్తాను. అప్పటిదాకా ఆ చెయ్యి జాగ్రత్త.

ప్రేమతో,
నీ పక్కన కూర్చునే వందన

*

సిరిసిల్ల,
మార్చి 20, 2024

బిడ్డా,

నీ ఉత్తరం చదివినంక నా మనసు నిమ్మళమైంది. మీ అత్తకు చదివి వినిపిద్దామంటె నోరు తిరగదాయె, ఆమె చేతికిచ్చిన. ఆమె చదివి కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. గిన్ని దినాలు ఎవలన్న "మీ మేనకోడలు ఏం పని చేస్తది" అని అడిగితె "పెద్ద సైంటిస్టు" అని తప్పిచ్చుకునేది. ఇప్పుడు "మా ఆయన పనే చేస్తది, కాకపోతె తలకాయల చేస్తది" అని బరాబర్ చెప్తున్నది.

వాడంత తెలిసిపోయింది. పక్కింటి లింగవ్వ నిన్న వచ్చి కూసున్నది. వాళ్ల ఆయన హనుమండ్లుకు మతిమరుపు వచ్చింది, తిన్నది గూడ యాదికి ఉంటలేదు. "మీ కోడలు వచ్చినప్పుడు మా ఆయనకు గూడ నాలుగు పోగులు కలిపి పొమ్మను" అన్నది. నీకు చెప్త అన్న.

మా కార్ఖాన రాజయ్య సేటు వచ్చి "వేరే మనిషిని పెట్టుకోవాల్నా, ఆగాల్నా" అని అడిగిండు. మే నెల దాటేదాక ఆగమని రాసి ఇచ్చిన. సరే అన్నడు. మంచి మనిషి.

దవాఖాన నుంచి సాయిచంద్ అని ఒక సారు ఇంటికి వస్తుండు. చెయ్యి పట్టుకొని మడుస్త, చాపుత అంటడు. ఆయనకు తెల్వదు పాపం. ఛాయ్ తాపి మర్యాదగ సాగనంపిన. నువ్వు చెప్పిన జాగ్రత్త నేను తీసుకుంటున్న. చెయ్యి ఫికర్ చెయ్యకు. ఇంటర్వ్యూ మంచిగ చెయ్యి.

ధైర్యంగ ఉన్న మామ,
పరశురాములు

*

బెంగళూరు,
ఏప్రిల్ 8, 2024

మామా,

చిన్న ఉత్తరమని తిట్టకు. ఇంటర్వ్యూలో చూపించాల్సిన బొమ్మల దగ్గరే తెల్లారుతోంది, పొద్దుగూకుతోంది. సాయిచంద్ గారు ఇంటికే వస్తున్నారని చదివి ప్రాణం కుదుటపడింది. అలాంటివాళ్లు దొరకడం మన అదృష్టం. వచ్చినప్పుడల్లా ఛాయ్ ఇవ్వండి, అత్త చేసే సకినాలు కూడా పెట్టండి.

లింగవ్వ జోకు మా ల్యాబ్‌లో చెప్పాను. అందరూ పడీ పడీ నవ్వారు.

వీడియోలో నీ ముఖం కళగా ఉంది. కండువా ఏమిటి, ఈ ఎండల్లో? జలుబు చేసిందా?

తొందరలో ఉన్న,
వందన

*

సిరిసిల్ల,
జూన్ 2, 2024

బిడ్డా వందనా,

ఇంటర్వ్యూ అయిపోయిందని మీ అత్త చెప్పింది. ఇగ ఎప్పుడస్తున్నవు? రోళ్లు పగిలే ఎండలు పోయి వాన పడేటట్టున్నది. నేను తయారుగ ఉన్న. లింగవ్వ మాట జోకనుకుంటివా? ఆమె రోజూ తలుపు కాడికొచ్చి అడుగుతున్నది.

చెయ్యి చూస్తె నువ్వే మెచ్చుకుంటవు. నీ ఉత్తరం ముట్టిన దినం నుంచి కదిలియ్యలే. తువ్వాలతోని ఛాతికి కట్టుకున్న. తానం కాడ మీ అత్త మెల్లగ విప్పి, తడిగుడ్డతోని తుడిచి, మళ్ల కడ్తది. తెగిన పడుగును కదిలిస్తె ఏమైతదో నాకు తెల్వదా? కొసలన్నీ ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయ్, ఏ కొస దేనిదో ఎంత ఎతికినా దొరకదు. గందుకే పడుగు తెగితె కొసలను గుడ్డతోని కట్టి, కలిపే మనిషి వచ్చేదాక సాంచను ఎవ్వలనూ ముట్టనియ్యం. సాయిచంద్ సారుకు గిదే రాసి చూపిచ్చిన. ఆయన ఏదో చెప్పవోయిండు, నేను విననే వినలే. మళ్ల రాలే.

వీడియోల కండువ గందుకే కప్పుకున్న. నువ్వు వచ్చినంక ఒక్కసారే చూడాల్నని.

వేళ్లు జర బిగుసుకున్నయ్. కొబ్బరినూనె రాస్తున్నం. రాజయ్య సేటు ఇంకొన్ని దినాలు చూస్త అన్నడు. బస్సు దిగంగనే ఫోన్ చెయ్యి, మీ అత్త బస్టాండుకు వస్తది.

నీ కోసం చూసే మామ,
పరశురాములు

*

బెంగళూరు,
జూన్ 8, 2024

మామా,

ముందు కట్టు విప్పు. ఈ ఉత్తరం చదవడం ఆపి, అత్తను పిలిచి, కట్టు విప్పించుకో.

ఉదయం నీ ఉత్తరం చూసి ఫోన్ చేశాను. అత్త నీతో చెబితే నువ్వు తల అడ్డంగా ఊపి అవతలి గదిలోకి పోయావట. "ఆయన నీ ఉత్తరమే నమ్ముతడు బిడ్డా, నా మాట నమ్మడు" అంది. అందుకే రాస్తున్నాను.

నేను పోగులు కలపను మామా. నాకు రాదు. ఎవరికీ రాదు. ఏది దేన్ని కలుస్తుందో చూసి, గుర్తు పెట్టుకుని, పటం గీస్తాను. అదీ చచ్చిపోయిన ఎలుక మెదడులో. వైపని మనిషినని నీకు నచ్చుతుందని రాశాను. నువ్వు దాన్ని పట్టుకుని నెలల తరబడి చెయ్యి కట్టుకుని కూర్చుంటావని కలలో కూడా అనుకోలేదు.

మెదడు సాంచ కాదు. ఆపితే బాగుపడదు. నడుస్తుంటేనే బాగుపడుతుంది. చెయ్యి కదిలించాలని నువ్వు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే, చెడిపోయిన పోగుల పక్కన మిగిలిన మంచివి ఆ పని నేర్చుకుంటాయి, కొత్త కలయికలు వాటంతటవే పుడతాయి. కదిలించకపోతే చెయ్యి ఒకటుందన్న సంగతే తల మరిచిపోతుంది. తొలి నెలల్లో ఈ నేర్చుకోవడం తొందరగా జరుగుతుంది. ఆ నెలలు పోయాయి. ఇంకా ఆలస్యం చేయొద్దు. సాయిచంద్ గారికి తెలియదనుకున్నావు. మనందరిలో తెలిసినవాడు ఆయనొక్కడే.

వచ్చే శనివారం బయల్దేరి వస్తున్నాను. నాకు భయంగా ఉంది మామా.

వందన

*

బెంగళూరు,
జూన్ 25, 2024

మామా,

నేను ఉన్న రెండు రోజులూ నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావు. కట్టు విప్పనివ్వలేదు. వచ్చేటప్పుడు కాళ్లు ముట్టుకోబోతే వెనక్కి తీసుకున్నావు. బస్సులో సగం దారి దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటు ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

లింగవ్వ వచ్చినప్పుడు నువ్వు గోడవైపే ఉన్నావు కాబట్టి చూడలేదు. హనుమండ్లు తాతకు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడిగి, తలకు నూనె పెట్టి దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది. "చూడు బిడ్డా" అంది. ఆయన నన్ను చూసి నవ్వాడు. అత్త లోపలికి తీసుకెళ్లి ఆమెకు ఏం చెప్పిందో తెలియదు. వెళ్లేటప్పుడు లింగవ్వ ఆయన చొక్కా మడత సరిచేసుకుంటూ తీసుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన అడిగాడు, ఇన్నేళ్ల మీ పని వల్ల ఎవరికి ఏం మేలు జరిగిందని. నేను ఇంగ్లీషులో గలగలా జవాబు చెప్పాను. వాళ్లంతా తలలూపారు. మీ ఇంట్లో అదే ప్రశ్నకు తల దించుకున్నాను. అసలు జవాబు నీకు చెబుతున్నాను. ఇప్పటిదాకా ఒక్క మనిషికి కూడా నయం కాలేదు. ఎప్పటికైనా పనికొస్తుందని నమ్ముతున్నాను, నేను ఉండగా వస్తుందో లేదో తెలియదు. అయినా నాకు ఆ పని ప్రాణం. పొద్దున లేవగానే ఆ పోగుల దగ్గరికి పోవాలనిపిస్తుంది, నీకు కార్ఖానాకు పోవాలనిపించినట్టే.

నా మీద కోపం ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఉండనీ. దాన్ని చేతి మీద తీర్చుకోకు.

నీ వందన

*

సిరిసిల్ల,
ఆగస్టు 5, 2024

వందనా,

కోపం తగ్గలే. తగ్గిందని రాస్తలేను.

నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోగులు కలిపిన. రాని పని వచ్చని ఎవ్వలికీ చెప్పలే. నువ్వు రాస్తివి, వైపని మనిషినని. ముద్దుకు రాసినవని నాకేమెరుక? చెయ్యి పడిపోయినప్పుడు నేను ఏడ్వలే. నువ్వు "నాకు రాదు" అని రాసిన దినం ఏడ్చిన. నేను లింగవ్వ ముంగట, సేటు ముంగట ఎట్ల తలెత్తాలె? నువ్వు బెంగళూరుకు పోయినవు, నేను గీ వాడల్నే ఉండాలె. గోడ దిక్కు తిరిగింది గందుకే. నీ మొకం చూస్తె తిడుదునేమో, నోరు తిరగక అదిగూడ సక్కగ రాదాయె.

రాజయ్య సేటు వేరే మనిషిని పెట్టుకున్నడు. తప్పు పట్టను, సాంచలు ఎన్ని దినాలు ఆగుతయ్. ఆ మాట తెలిసిన పొద్దు అరుగు మీద కూసున్న. కూసుండి కూసుండి, ఇగ ఎవల కోసం కట్టుకున్ననో నాకే సమజ్ కాలే. నేనే విప్పుకున్న. వేళ్లు పిట్టకాళ్ల లెక్క ముడుసుకొని ఉన్నయ్. మీ అత్త చూసి లోపలికి పోయింది.

సాయిచంద్ సారును ఆమెనే పోయి బతిలాడి పిలుసుకొచ్చింది. ఆయన ఛాయ్ తాగి పని మొదలువెట్టిండు. మడుస్తుంటె పానం పోతున్నది. నిన్ను తిట్టవలసిన తిట్లన్నీ ఆయననే తిడుతున్న. ఏ ఒక్కటీ ఆయనకు సమజ్ కాదు, "బాగ మాట్లాడుతున్నరు" అంటడు.

ఒక్కటి అడుగుత. ఆ పెద్దాయనకు చెప్పినట్టు చెప్పకు. మళ్ల వైపని చేస్తనా?

పరశురాములు

*

బెంగళూరు,
ఆగస్టు 17, 2024

మామా,

చేయలేవనే అనుకుంటున్నాను.

అన్నం కలుపుకుంటావు. గుండీలు పెట్టుకుంటావు. తాళం తీస్తావు. కష్టపడితే ఇవన్నీ వస్తాయి. కానీ కంటికి ఆనని పోగును మెలిపెట్టేంత నేర్పు ఆ రెండు వేళ్లకు తిరిగి రాదని నాకు అనిపిస్తోంది. ఒక డాక్టరును కూడా అడిగాను, ఆయనా అదే అన్నారు. మొదటి నుంచి కదిలించి ఉంటే వచ్చేదా అంటే, అదీ తెలియదు. ఆ తెలియకపోవడం నన్ను జీవితమంతా వదలదు.

ఉద్యోగం వచ్చింది. జూలైలోనే తెలిసింది. నీకు చెప్పకుండా సంతోషపడటం చేతకాలేదు, అందుకే ఇప్పుడు చెబుతున్నాను. సొంత ల్యాబ్. తలుపు మీద నా పేరు ఉంటుంది.

ఆ చేతికి రోజూ ఏదో ఒక పని పెట్టు మామా. పెన్ను పట్టించు. గీతలు గీసినా సరే, నాకు పంపు. నేను చదువుకుంటాను.

నీ వందన

*

సిరిసిల్ల,
నవంబర్ 11, 2024

బిడ్డా,

తలుపు మీద పేరు వెట్టినరా? తెలుగుల గూడ పెట్టమను.

"చేయలేవు" అని నువ్వు రాసిన ఉత్తరం మంచిగ రాసినవు. చదివినంక ఒక పూట అన్నం తినలే. గానీ దాని తర్వాతనే నాకు నీ మీద కోపం పోయింది. ఎందుకో నాకే తెల్వదు.

ఇప్పుడు నాకు తోడు దొరికిండు. సాయిచంద్ సారు ఒక గిన్నెల బఠాణీలు పోసి, ఒక్కొక్కటి తీసి ఇంకో గిన్నెల ఎయ్యమంటడు. నేను అరుగు మీద కూసుంటె హనుమండ్లు గూడ వచ్చి కూసుంటుండు. లింగవ్వనే తోలిచ్చింది. "చెయ్యికి పని చెప్తె తలకు మంచిదని మీ కోడలు రాసిందట కదా, మా ఆయనకు గూడ ఒక గిన్నె పెట్టు" అన్నది. ఆయనకు మతిమరుపు కదా, చేసింది మరిచిపోయి మళ్ల మొదటి నుంచి చేస్తడు. నాకంటె ముంగటున్నడు. బతుకమ్మ పండుగకు మీ అత్త పూలు పేర్చుతుంటె ఒక తంగేడు కొమ్మ అందిచ్చిన, కుడిచేతితోని. ఆమె తీసుకున్నది, ఏ చెయ్యో చూడనే చూడలే. నేను గూడ చెప్పలే. దొంగ ముచ్చట లెక్క దాసుకున్న.

కార్ఖాన కాడికి పోయిన ఒకసారి. కొత్త మనిషి కలుపుతుండు. జర నిదానం. చూసి వచ్చిన. మనసు కలుక్కుమన్నది, అబద్ధమెందుకు.

ఇగ అసలు ముచ్చట. ఈ కాగితం ఎడమచేతిదే. కవరు మీది అడ్రసు చూడు. అది కుడిచెయ్యి. శానా కవర్లు కరాబు చేసిన, మీ అత్త తిట్టింది. లోపలి ఉత్తరమే కుడిచేతితోని రాద్దును గానీ, నువ్వు నా మేనకోడలివి, పిచ్చిగీతలు గీసినా చదువుకుంటవు. నన్ను ఎన్నడూ చూడనోళ్లు చదవాలె. పోస్టాఫీసుల వాళ్లు, బండిల వాళ్లు, మీ నంజప్ప. వాళ్లు చదివితెనే అది రాత, అప్పుడే అది చెయ్యి. గందుకే పంపినోని పేరు కవరు మీద రాయలే. తప్పిపోతె తప్పిపోనీ, వాపసు రావద్దు.

నీకు ముట్టకుంటె నీకు తెల్వనే తెల్వదు, ఫికర్ చెయ్యవు. నేను ఉత్తరం కోసం చూసి చూసి, మళ్ల బఠాణీల కాడ కూసుంట. ముట్టితె మాత్రం ఫోన్ చెయ్యకు. రాయి.

మీ మామ,
పరశురాములు

*

బెంగళూరు,
డిసెంబర్ 2, 2024

మామా,

ముట్టింది.

ఆలస్యంగా వచ్చింది. పిన్‌కోడ్‌లో ఒక అంకె ఇంకోలా కనబడి ముందు ఊరికి ఆ చివర ఇంకో పోస్టాఫీసుకు పోయింది. అక్కడ ఎవరో పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టారు. ఇంకెవరో దాన్ని కొట్టేసి, మా వీధి పేరు రాసి ఇటు పంపారు. నా పేరును మాత్రం ఎవరూ దిద్దలేదు. దిద్దాల్సిన పని లేదు, అక్షరాలు కొండలెక్కి దిగుతున్నట్టున్నా ప్రతి ఒక్కటీ చదవొస్తుంది.

నంజప్ప కొత్త ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి, కవరు మీది పేరునూ తలుపు మీది పేరునూ మార్చి మార్చి చూసి, అప్పుడు నా చేతికిచ్చాడు.

"చిన్నపిల్లలు రాశారా మేడమ్?" అని అడిగాడు.

మా మామ రాశాడన్నాను.

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారా?" అన్నాడు.

అవునన్నాను.

నీ వందన